రెడ్డెమ్మక్క మిషను రంపం

బావ పోయాడని కుప్పం నుంచి ఫోను నాకు వచ్చింది. రావలసింది అక్కకు. కానీ అక్కకు గట్టిగా అరిస్తే తప్ప చెవులు వినబడక చాలా ఏళ్లయింది. అందుకని ఆ ఇంటి సంగతులన్నీ మదనపల్లెలో ఉండే నాకే ముందు తెలుస్తాయి. నేను పుంగనూరు వెళ్లి, అక్క ఎదురుగా కూర్చుని, పెదవుల కదలిక కనబడేలా నిదానంగా చెబితే ఆమెకు తెలుస్తాయి. ఆ పొద్దూ అదే చేశాను. అక్క వసారాలో చేట ముందు పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. చలికాలం కదా, ఆమె వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెప్పాను. అక్క ఏడవలేదు. ఒలిచిన గింజల్ని ఒక పక్కకు నెట్టి, "పలమనేరు మీద పోతే తొందరగా పోవచ్చు" అని లేచి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను ఆ చేట పక్కనే కూర్చుండిపోయాను. ఆ వసారాలోనే నా చదువు సాగింది. బావ మిషను రంపానికి ఆకురాయి పట్టే చప్పుడు వింటూ పరీక్షలకు చదువుకున్నది ఆ స్తంభానికి ఆనుకునే.

మాది గుర్రంకొండ పక్కన ఒక పల్లె. మదనపల్లె కాలేజీలో నాకు సీటు దొరికినప్పుడు మా ఊరి నుంచి వేళకు బస్సు లేదు. పుంగనూరు నుంచయితే పొద్దున్నే బస్సులు ఉండేవి. రెడ్డెమ్మక్కను ఆ ఊరికి ఇచ్చాం కాబట్టి నన్ను తెచ్చి వాళ్లింట్లో దించారు. చౌడేపల్లె దోవలో ఊరి చివర పెంకుటిల్లు. ఇంట్లో అక్క, రమణప్ప బావ, బావ వాళ్ల నాయన మునెప్ప. వాళ్లకు పిల్లలు లేరు. కట్టెకోత ఆ ఇంటి వృత్తి. మునెప్ప మామ తన తమ్ముడితో కలిసి జీవితమంతా ఇద్దరు లాగే పెద్ద రంపంతో దూలాలు కోశాడు. తమ్ముడు పోయాక ఆ రెండో పిడి బావ చేతికి వచ్చింది. ఆ ఇంట్లో అన్నిటికీ రంపపు పొట్టు వాసన. వంట కూడా పొట్టు పొయ్యి మీదే. పొద్దున్నే అక్క పొయ్యి నడుమ ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి, పిడికిలితో గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీసేది. ఆ బొక్కలో నిప్పు పెడితే మధ్యాహ్నం దాకా ఒకే తీరున కాలేది. చింతపొట్టుకు ఒక వాసన, వేపపొట్టుకు ఒక వాసన. మామిడి పొట్టు కాలినప్పుడు సంగటి కాస్త తియ్యగా ఉన్నట్టు నాకనిపించేది. అది ఉత్త భ్రమ అని అక్క అనేది.

మిషను రంపం ఆ ఇంటికి నేను వెళ్లాక వచ్చింది. మదనపల్లెలో నీళ్ల మోటార్లూ స్కూటర్లూ బాగుచేసే మస్తాన్ సాబు అని ఒకాయన ఉండేవాడు. బావకు అన్నలాంటి మనిషి. ఆయన బెంగళూరు నుంచి తెప్పించి ఇచ్చాడు. గోనెసంచిలో చుట్టుకుని, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బావ దాన్ని బస్సులో తెచ్చాడు. మునెప్ప మామ చుట్టూ తిరిగి చూశాడు. పెట్రోలు వాసనకు ముక్కు చిట్లించి, రెండో మనిషి అక్కర్లేని రంపం కూడా ఒక రంపమేనా అని మాత్రం అన్నాడు. ఆ మాటలో ఉన్న దిగులు నాకు అప్పుడు అర్థం కాలేదు. మర్నాటి నుంచి ఆయన పనికి పోవడం మానేశాడు. ఎవరూ మానమనలేదు. పెద్ద రంపాన్ని నూనె రాసి అటక మీద పెట్టి, వసారాలో కూర్చున్నాడు.

బావ మాత్రం భయస్తుడు. ఆ మాట నేను గౌరవంగానే అంటున్నాను. అప్పట్లో మదనపల్లె టమోటా మండీకి చెక్కపెట్టెలు కావాలి. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో చెట్లు కొట్టేవాళ్లు తొందర తొందరగా కొట్టేవాళ్లు. బావకు తొందర లేదు. లుంగీతో ఏనాడూ మిషను ముట్టలేదు. బిగుతైన ప్యాంటు, తోలు బూట్లు, కళ్లకు అద్దాలు. మెడలో తువ్వాలు ఉంటే తీసి అక్కకిచ్చి పోయేవాడు. పెండ్లికి పోతున్నట్టు తయారవుతాడని మునెప్ప మామ ఎగతాళి చేసేవాడు. టూ-టీ ఆయిల్ కలిపిన పెట్రోలును మిషను చల్లబడ్డాకే పోసేవాడు. పోసినచోట స్టార్టు చేయకుండా పది బారలు అవతలికి తీసుకుపోయేవాడు. నేల మీద పెట్టి, వెనక పిడిలో బూటు కాలు దూర్చి తొక్కిపట్టి, ఎడమచేత్తో ముందు పిడి నొక్కిపట్టి, అప్పుడు తాడు లాగేవాడు. చేతుల్లో వేలాడేసుకుని తాడు లాగేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. మాను కొట్టబోయే ముందు దాని చుట్టూ తిరిగి, ఎటు వాలి ఉంది, గాలి ఎటు ఉంది, పైన ఎండుకొమ్మలు ఏవైనా ఉన్నాయా అని చూసేవాడు. పడేటప్పుడు తాను ఎటు తప్పుకోవాలో ఆ దోవ ముందే శుభ్రం చేసుకునేవాడు. మాను పొడవుకు రెండింతల దూరంలో మనుషులు లేరని తేలాకే మొదటి గాటు. పడే వైపు ఒక గాటు, వెనక నుంచి ఇంకో కోత. నడుమ కొంచెం కట్టె కోయకుండా వదిలేవాడు. ఆ కాస్త కట్టే తలుపుకు కీలులాగా మానును మనం చెప్పిన వైపుకు వాలుస్తుందని సాయంత్రాలు నాకు చెప్పేవాడు. నా పుస్తకాల్లో లేని చదువు అని ఆయన సంబరం.

దగ్గరి తోటల్లో కోత ఉన్న రోజు మిషను మోత ఇంటికి వినబడేది. చెవులు చిల్లులు పడే ఆ మోతలో అక్క హాయిగా పని చేసుకునేది. సంగటి కెలికేది, ఊరిబిండి పచ్చడి నూరేది, నాకు జడ వేసేది. మోత ఆగిందంటే మాత్రం చేతిలో పని వదిలేసి గడప దగ్గరికి వచ్చి నిలబడేది. పెట్రోలు పోయడానికి ఆపి ఉండొచ్చు, బీడీ కాల్చడానికి ఆపి ఉండొచ్చు. అయినా సరే, మళ్లీ మోత మొదలయ్యేదాకా అక్క లోపలికి రాదు. నేను అక్కడికి పోయిన కొత్తలో అది చూసి నవ్వేదాన్ని. కొన్నాళ్లకు నేనూ పుస్తకం మూసి చెవి అటు వేసేదాన్ని.

మిషనుకు ముందు పిడి దగ్గర చేతికి అడ్డంగా ఒక రేకు ఉంటుంది. మిషను ఎగిరి వెనక్కి తన్నితే ఆ రేకు చేతికి తగిలి వంగుతుంది, చైను టక్కున ఆగిపోతుంది. ఆ రేకు ఒకనాడు మొద్దు కింద పడి విరిగింది. కొత్తది బెంగళూరు నుంచి రావాలి, వచ్చేదాకా మిషను ముట్టొద్దని మస్తాన్ సాబు గట్టిగా చెప్పాడు. బావ కూడా సరే అని గోనెసంచిలో చుట్టి మూలన పెట్టాడు. ఆ వారమే గాలీవాన వచ్చింది. సోమల దోవలో ఒకరి ఇంటి మీద మామిడికొమ్మ విరిగి వేలాడుతోందని, లోపల బాలింత ఉందని, కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదని ఇంటాయన వచ్చి కూర్చున్నాడు. బావ కాదన్నాడు. ఆయన కదల్లేదు. చివరికి బావే లేచాడు. అక్క వద్దన్నా వినలేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో బాలింత అన్న మాట ఊరికే పోయే మాట కాదు.

తర్వాత జరిగింది అందరూ చెప్పగా విన్నదే. నిచ్చెన ఎక్కి, మిషను భుజం కంటే పైకి ఎత్తి కోశాడు. ఎన్నడూ చేయని పని. బ్లేడు ముక్కు లోపలి కొమ్మకు తగిలింది. మిషను ఎగిరి వెనక్కి తన్నింది. ఆపే రేకు లేదు. ఎడమ భుజం కింద కండ, దాని లోపలి నరాలు తెగి, నిచ్చెన మీద నుంచి పడ్డాడు. ఆ బాలింత తల్లి తన చీర చించి గట్టిగా కట్టబట్టే మదనపల్లె ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలిచింది. నేను కాలేజీ నుంచి నేరుగా ఆసుపత్రికి పోయాను. అక్క వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చీర కొంగులో బావ తువ్వాలు ఉంది. పోయేటప్పుడు అలవాటు ప్రకారం ఆయన తీసి ఇచ్చినది.

బావ బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడే బరువుగా మిగిలింది. నెలల తరబడి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మునెప్ప మామ ఆ మిషనును ఏ బావిలోనో పారేసి రమ్మన్నాడు. పొట్టు లేక పొయ్యి మారింది. అక్క టమోటా తోటల్లోకి కూలికి పోవడం మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చి, బావకు చొక్కా విప్పి, నీళ్లు పోసి, అన్నం కలిపి పెట్టేది. ఆయన గోడ వైపు చూస్తూ తినేవాడు. ఒక ఆదివారం అక్క మూలనున్న గోనెసంచి విప్పి, మిషను వసారాలో పెట్టి, తనకు నేర్పమంది.

బావ రేకు విరిగినచోట కుడిచేత్తో తడిమాడు. తర్వాత, "రేకు రానీ" అన్నాడు. ఆ ఒక్కమాట.

రేకు పట్టుకుని మస్తాన్ సాబే వచ్చాడు. ఆడమనిషికి నేర్పడం ఏమిటని ఆయన అనలేదు. బిగించి, చైను వదులు చూసి, అక్క ముందు పెట్టి ఇలా అన్నాడు: "అమ్మా, దీనికి మాను తెలీదు, మనిషి తెలీదు. ఏది తగిలితే అది కోస్తాది. తెలిసినోళ్లం మనమే. అందుకని భయం మనకే ఉండాల." తర్వాత నేర్పిందంతా బావే. రాతి మీద కూర్చుని, పనికిరాని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మాటలతోనే నేర్పాడు. బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టమనేవాడు. బ్లేడుకు నేరుగా నిలబడొద్దు, కొంచెం పక్కకు అనేవాడు. చైను పూర్తిగా నిలిచేదాకా అడుగు తీయొద్దు. అడుగు తీశావంటే బ్రేకు వేసి తీయి. ముక్కుతో దేన్నీ తాకొద్దు. భుజం దాటి ఎత్తొద్దు. ఆ చివరి మాట మధ్యలో ఆపి, ఒళ్లోని చెయ్యి సర్దుకునేవాడు. అక్క మళ్లీ అడిగేది కాదు. అప్పుడే నాకు తెలిసింది, వాళ్లిద్దరి మధ్య అంత మాట అంతకు ముందు నడవలేదని. ఒక మొగుడూ పెళ్లాం అంత సూటిగా, అంత శ్రద్ధగా మాట్లాడుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అక్క నేర్చుకుంది. మొదట ఊళ్లో నవ్వారు. బావ ప్యాంటు నడుముకు తాడు కట్టి బిగించుకుని, కొప్పు మీద గుడ్డ చుట్టుకుని నడిచిపోతుంటే పిల్లలు వెంటపడేవాళ్లు. తర్వాత పిలవడం మొదలుపెట్టారు. తోడుగా ఒక మనిషి లేకుండా ఆమె ఏ తోటకూ పోలేదు. కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు, అన్నీ బావ చెప్పినట్టే. ఒక్క చెవుల సంగతే ఎవరికీ తెలియదు. బావ కూడా దూది తప్ప ఇంకేమీ పెట్టేవాడు కాదు. ఆ దూది ఆ మోతను ఏం ఆపుతుంది? కొన్నాళ్లకు అక్క సాయంత్రాలు టీవీ మోత పెంచేది, పిలిస్తే రెండోసారికి పలికేది. చలి ఉదయాల్లో వేళ్లు తెల్లబడి స్పర్శ తెలిసేది కాదు. గాజు గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. పిడి అదురు వేళ్లలోకి దిగి రక్తం నడవడం లేదని తర్వాతెప్పుడో ఒక డాక్టరు చెప్పాడు. అప్పటికి చేయగలిగింది లేదు.

ఆ రోజుల్లో నేను గమనించింది ఇంకొకటి ఉంది. మోత ఆగితే ఇప్పుడు గడప దగ్గరికి వచ్చి నిలబడేది బావ. అక్క ఒకప్పుడు నిలబడ్డ చోటే, తలుపు చట్రం కుడిచేత్తో పట్టుకుని, తోటల వైపు చూస్తూ. మళ్లీ మొదలైతే కూర్చునేవాడు. ఎండాకాలంలో ఒకరోజు చాలాసేపు మొదలు కాలేదు. బావ చెప్పులు లేకుండా రోడ్డు దాకా పోయాడు. అక్క అరిగిన చైను మార్చుకోవడానికి ఆపిందట, అంతే. ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావ, ఇక చాలు, ఆపెయ్యమన్నాడు. అక్క సంగటిముద్ద వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది.

"నేను వొద్దన్నపుడు నువ్వు ఆపినావా?" అంది.

"ఆపింటే ఇట్ల అయ్యింటుందా? అందుకే సెప్తాండా."

"ఆపితే యాడికి పోదాం? మల్లా టమోటా తోటకేనా?" గొంతు తగ్గించి, "ఆ మాను కదిలేటపుడు నాకు యా దిగులూ గుర్తుండదు. అంతసేపన్నా వదిలెయ్ నన్ను" అంది.

బావ చెయ్యి కడుక్కుని లేచాడు. నాకు ఆ వయసులో అక్క మాటే న్యాయంగా తోచింది. ఇప్పటికీ తప్పనిపించదు. కానీ వినలేక లేచిపోయిన మనిషి మీద కూడా నాకు కోపం రాదు. మునెప్ప మామ మాత్రం, ఆయన కంచం ముందు కూర్చుని, తనకు సంబంధం లేనట్టు మజ్జిగ తాగాడు.

కొద్ది రోజులకు కుప్పంలో ఉన్న చెల్లెలు పాపమ్మ ఇంట్లో ఏదో శుభకార్యమని బావ బస్సెక్కాడు. తిరిగి రాలేదు. అక్కడే ఒక పట్టుగూళ్ల వ్యాపారి షెడ్డుకు కాపలాగా కుదిరాడని తెలిసింది. గొడవ లేదు, పంచాయితీ లేదు. మునెప్ప మామ పోయినప్పుడు వచ్చి, కర్మ అయ్యేదాకా ఉండి, వెళ్లిపోయాడు. అక్క ఏడాదికోసారి కుప్పం పోయి వచ్చేది. ఇద్దరూ దూరపు చుట్టాల్లా కూర్చుని, వానల గురించి మాట్లాడుకునేవాళ్లని పాపమ్మ చెప్పేది. ఆ మోత భరించలేక వెళ్లిపోయాడని అందరూ అన్నారు. పెళ్లాం రంపం మీద బతకడం నామోషీ అని కొందరన్నారు. అక్క మళ్లీ మిషను ఎత్తుకుని తోటలకు పోయింది. తర్వాత ఎన్నో ఏళ్లు కోసింది. పుంగనూరు దోవ వెడల్పు చేసినప్పుడు ఇరుపక్కలా ఉన్న పాత చింతమాన్లు కోసినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఎందుకని నేనడిగితే, నీడలో కూర్చుని తినడానికి ఒక్కటి మిగల్లేదు అంది.

ఇప్పుడు ఆ దోవలో పోతుంటే ఎండ నేరుగా బస్సులోకి పడుతుంది. మండీలో అన్నీ ప్లాస్టిక్ క్రేట్లు. చెక్కపెట్టెలు ఎక్కడా లేవు. కోయడానికి మాన్లు తక్కువ, మిషన్లు ఎక్కువ. ఎవరిని చూసినా ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారు. బావ పోయాడని కుప్పం పోతున్న ఆ రోజు వి.కోట దాటాక రోడ్డు పక్కన ఒక కుర్రాడు నిక్కరు, రబ్బరు చెప్పులతో, ఒక్క చేత్తో మిషను పట్టుకుని తల మీది కొమ్మ కోస్తున్నాడు. ఇంకొకడు కిందే నిలబడి ఫోనులో బొమ్మ తీస్తున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న అక్క వాడిని చూసి సగం లేచింది. చెయ్యి అద్దం మీద పెట్టి ఏదో అరిచింది. బస్సు ఆగలేదు. వాడికి వినబడే అవకాశమూ లేదు. బస్సులో వాళ్లు ఈ ముసలామెకు ఏమైందని చూశారు. అక్క మళ్లీ కూర్చుంది. మా కాలంలో అన్నీ బాగున్నాయని నేననను. రేకు లేని మిషనుతో నిచ్చెన ఎక్కినవాడూ ఆ కాలంవాడే, నేర్పుకు నిలువెత్తు మనిషి. కానీ ఆ ఇంట్లో భయానికి ఒక మర్యాద ఉండేది. దాన్ని ఒకరు ఇంకొకరికి నేర్పేవాళ్లు.

కుప్పంలో పాపమ్మ ఇంటి ముందు చాపల మీద జనం. బావను పడుకోబెట్టి ఉన్నారు. ముఖం చాలా చిన్నదైపోయింది. అక్క వెళ్లి తల దగ్గర కూర్చుంది. పాపమ్మ నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయి, ఏడుస్తూ చెప్పింది. బావ ప్రతి సంతరోజూ ఫోను బూత్‌కు పోయేవాడట. మదనపల్లెలో అక్క మిషను బాగుచేసే మస్తాన్ సాబుకు చేసేవాడట. సెల్లు వచ్చాక సెల్లులో. సాబు పోయాక ఆయన కొడుక్కు. అడిగేది ఒకటే. రెడ్డెమ్మ ఈ వారం యాడ కోస్తాండాది, బాగుండాదా అని. బాగుందంటే అన్నం తినేవాడట. ఎవరికీ చెప్పొద్దని సాబు చేత ఒట్టు వేయించుకున్నాడట. అక్క రంపం మానేశాక కూడా, అలవాటు తప్పక, మొన్న సంతరోజు దాకా అడిగాడట.

"వదినకు సెప్పమ్మా. నేను సెప్తే ఇనబడదు, నా ఏడుపులో పెదవులు గూడా తెలీవు" అంది పాపమ్మ.

నేను అక్క ఎదురుగా కూర్చున్నాను. నెమ్మదిగా చెప్పాను. తన కళ్లనిండా నీళ్లు ఉన్నాయేమో, అక్కకు నా పెదవులు అందలేదు. "ఏమి?" అంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. మళ్లీ "ఏమి?" అంది. ఇక గొంతెత్తి అరిచాను. ఆయన జీవితమంతా దాచుకున్న మాటను ఆ వాకిట్లో, పాడె కట్టేవాళ్లూ పక్కింటివాళ్లూ వింటుండగా, అరిచి చెప్పాను. "వారం వారం ఫోను సేసి అడుగుతాండెనంట అక్కా! నువ్వు బాగుండావా అని!"

అక్కకు ఈసారి వినబడింది. బావ ముఖం వైపు చూసింది. చెవులు వినబడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. అందరికీ వినబడేట్టు అంది:

"ఆ మాట నన్నే అడిగింటే సెప్పింటా గదా."

తర్వాత నా వైపు తిరిగి, నేను దానికి ఏమైనా బదులు చెబుతానేమోనని, నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.